ఒక అప్లికేషన్‌ని ఎన్ని ప్యాకేజీలు చేయాలి?

డెబియన్, ఫెడోరా లాంటి లినక్స్ డిస్ట్రిబ్యూషన్ల కోసం ప్యాకేజీలు, అంటే ఇన్‌స్టాల్ చేసుకునేలా కట్టిన ఫైళ్ల మూటలు, తయారుచేసేవాళ్ల మధ్య ఎప్పటికీ తెగని వాదన ఒకటుంది. ఒక డెస్క్‌టాప్ అప్లికేషన్‌ని మొత్తంగా ఒకే ప్యాకేజీలో పెట్టి ఇవ్వాలా, విడగొట్టి ఇవ్వాలా? విడగొడితే ఎన్ని ముక్కలు, ఎక్కడెక్కడ? నేను కొన్నేళ్లుగా డెబియన్ కోసం ప్యాకేజీలు చేస్తున్నాను. ఒక్కటే ఉంటే చాలనేవాళ్లతోనూ, ప్రతిదీ విడివిడిగా ఉండాలనేవాళ్లతోనూ చాలాసార్లు వాదించాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. విడగొట్టడం మంచి పనే. అయితే ఎక్కడ విడగొట్టాలన్నది డిపెండెన్సీలను (నడవడానికి కావలసిన ఇతర ప్యాకేజీలను) చూసి, వాడేవాళ్ల అవసరాలను చూసి తేల్చుకోవాలి. ఫైళ్ల రకం చూసి, సైజు చూసి తేల్చుకునేది తక్కువే ఉంటుంది. ఎన్ని ముక్కలు చేసినా సరే, అప్లికేషన్ పేరు టైపు చేసి ఇన్‌స్టాల్ చేసిన మనిషికి పూర్తిగా పనిచేసే అప్లికేషన్ రావాలి. ఆ చివరి మాట తప్పితే మిగతాదంతా ఎంత బాగా చేసినా దండగే.

ఈ పనితో పరిచయం లేనివాళ్ల కోసం రెండు ముక్కలు. డెబియన్‌లో కోడ్ ఉండే ఒక సోర్స్ ప్యాకేజీ నుంచి, ఇన్‌స్టాల్ చేసుకునే బైనరీ ప్యాకేజీలు ఎన్నైనా పుట్టించవచ్చు. కంట్రోల్ ఫైల్లో ఒక్కో బైనరీ ప్యాకేజీకి ఒక్కో పేరా రాస్తాం, ఏ ఫైలు ఎందులోకి వెళ్లాలో ఇన్‌స్టాల్ ఫైళ్లలో చెప్తాం. ఫెడోరాలో, ఓపెన్‌సూసేలో ఇదే పని స్పెక్ ఫైల్లో సబ్‌ప్యాకేజీలుగా జరుగుతుంది. ఆర్చ్, ఆల్పైన్ డిస్ట్రోలకు వాటి బిల్డ్ స్క్రిప్టులు ఉన్నాయి. పనిముట్లు వేరు, ప్రశ్న మాత్రం అందరికీ ఒకటే.

బాగా విడగొట్టిన ప్యాకేజీ ఎలా ఉంటుందో చూడాలంటే డెబియన్‌లోని ట్రాన్స్‌మిషన్‌ని చూడండి. టారెంట్లు దింపుకునే ఈ ప్రోగ్రామ్‌కి డీమన్ (తెర వెనక నడిచే భాగం) ఒక ప్యాకేజీ, జీటీకే ఇంటర్‌ఫేస్ ఒకటి, క్యూటీ ఇంటర్‌ఫేస్ ఒకటి (జీటీకే, క్యూటీ రెండూ విండోలు, బటన్లు గీసే లైబ్రరీలు), కమాండ్‌లైన్ పనిముట్లు ఒకటి, అందరికీ కావలసిన ఫైళ్లతో కామన్ అని ఇంకొకటి ఉంటాయి. మానిటర్ లేని సర్వర్లో డీమన్ మాత్రమే పెట్టుకున్న మనిషికి జీటీకే లైబ్రరీ ఒక్కటి కూడా దిగదు. కేడీఈ డెస్క్‌టాప్ వాడే మనిషి క్యూటీది తెచ్చుకుంటాడు, గ్నోమ్ డెస్క్‌టాప్ వాడే మనిషి జీటీకేది తెచ్చుకుంటుంది, ఒకరి బరువు ఇంకొకరి మీద పడదు. ఈ గీతలు ప్యాకేజీ చేసినవాళ్లు కొత్తగా గీసినవి కావు. ప్రోగ్రామ్ రాసినవాళ్లే దాన్ని వేర్వేరు ఎగ్జిక్యూటబుళ్లుగా రాశారు. ప్యాకేజీ ఆ గీతల వెంట నడిచింది, అందుకే ఇన్నేళ్లయినా ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

లిబ్రేఆఫీస్ ఇంకా పెద్ద ఉదాహరణ. రైటర్, కాల్క్, ఇంప్రెస్, బేస్ దేనికది ప్యాకేజీ. అన్నిటికీ ఆధారమైన కోర్ వేరు, జీటీకే రూపం వేరు, కేడీఈ రూపం వేరు, ఒక్కో భాషకి అనువాదం వేరు. వీటితోపాటు నోగుయి అనే తోకతో ఇంకో వరుస ప్యాకేజీలు ఉన్నాయి. సర్వర్ మీద డాక్యుమెంట్లను పీడీఎఫ్‌లుగా మార్చడానికి మాత్రమే లిబ్రేఆఫీస్ వాడేవాళ్లు చాలామంది. వాళ్లకి బటన్లు, మెనూలు, విండోలు దేనికీ అక్కర్లేదు. ఆ అవసరం నిజమైనది, దాన్ని కోరేవాళ్లు నిజంగా ఉన్నారు, కాబట్టి ఆ ప్యాకేజీలకు అర్థం ఉంది.

నా దగ్గరకు ఎవరైనా ప్యాకేజీని విడగొడదామంటూ వస్తే నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే: ఈ రెండో ముక్క అక్కర్లేని మనిషి ఎవరు, కలిపి ఇస్తే ఆ మనిషి మీద పడే బరువు ఎంత? ఈ ప్రశ్నకి జవాబు ఫైలు సైజులో ఉండదు. డెబియన్‌లో డీపీకేజీ-షెల్‌లిబ్‌డెప్స్ అనే పనిముట్టు ప్యాకేజీలోని ప్రతి ఎగ్జిక్యూటబుల్‌నీ, ప్రతి షేర్డ్ లైబ్రరీనీ తెరిచి, అవి ఏ లైబ్రరీలకు లింక్ అయ్యాయో చూసి డిపెండెన్సీల జాబితా తనే రాస్తుంది. కొన్ని కిలోబైట్ల ప్లగిన్ ఒకటి వెబ్‌కిట్ అనే వెబ్ పేజీల ఇంజిన్‌కి లింక్ అయి ఉంటే చాలు, మొత్తం ప్యాకేజీ వెబ్‌కిట్‌నీ దాని వెనక ఉన్న బలగాన్నీ లాక్కొస్తుంది. దానికి ఎదురుగా, 20 మెగాబైట్ల బొమ్మల ఫోల్డర్ దేనినీ లాగదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు ఎక్కువగా ఆ బొమ్మల ఫోల్డర్‌నే వేరు చేస్తారు, ప్లగిన్‌ని లోపలే వదిలేస్తారు. కంటికి కనిపించేది ఫోల్డర్ సైజు కదా.

డేటాని వేరుచేయడానికి వేరే కారణం ఉంది, అది వాడేవాళ్ల మేలు కోసం కాదని మాత్రం తెలిసి ఉండాలి. డెబియన్ ఒకే ప్రోగ్రామ్‌ని ఏఎండీ64, ఏఆర్‌ఎం64, రిస్క్-వీ లాంటి ఎన్నో ప్రాసెసర్ ఆర్కిటెక్చర్లకు బిల్డ్ చేస్తుంది. బొమ్మలు, శబ్దాలు, టెంప్లేట్లు అన్ని ఆర్కిటెక్చర్లలోనూ ఒక్కటే కాబట్టి, వాటిని ఆర్కిటెక్చర్‌తో పని లేని ప్యాకేజీగా వేరుచేస్తే మిర్రర్ల (ప్యాకేజీలు పంచే సర్వర్ల) మీద ఒకే కాపీ ఉంటుంది. 0 ఏ.డీ. లాంటి ఆటకి డేటానే గిగాబైట్ దాటుతుంది. దాన్ని ప్రతి ఆర్కిటెక్చర్‌కీ ఒక్కో కాపీ చొప్పున మిర్రర్లలో పెట్టడం అన్యాయం. పైగా అక్కడ డేటాకి వేరే సోర్స్ ప్యాకేజీనే ఉంది, అందువల్ల ఇంజిన్‌లో చిన్న ప్యాచ్ వేసిన ప్రతిసారీ డేటా మొత్తాన్ని మళ్లీ దింపుకునే పని ఉండదు. కానీ 3 మెగాబైట్ల ఐకన్లున్న అప్లికేషన్‌కి డేటా ప్యాకేజీ ఎందుకు? ఇన్‌స్టాల్ చేసేవాళ్లు ఎటూ రెండూ దింపుకోవాలి. డిస్క్‌లో ఒక్క బైటూ మిగలదు. మిర్రర్లకు మిగిలేది ఆ కొత్త పేరు మోసే భారంతో పోలిస్తే ఏమంత కాదు.

హెడర్ ఫైళ్లు (లైబ్రరీని వాడుతూ కోడ్ రాసేవాళ్లకి కావలసినవి), డీబగ్ సింబళ్ల (బగ్ వెతికేటప్పుడు కావలసిన సమాచారం) గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. బయటివాళ్లు వాడే లైబ్రరీ ఉంటే డెవ్ ప్యాకేజీ ఉండాలి, లేకపోతే అక్కర్లేదు. డీబగ్ సింబళ్లను 2015 చివరి నుంచి డెబ్‌హెల్పర్ అనే ప్యాకేజింగ్ పనిముట్టే వేరే ప్యాకేజీగా తీసి ప్రత్యేక ఆర్కైవ్‌కి పంపిస్తోంది, మనం చేయాల్సింది ఏమీ లేదు.

లైబ్రరీల దగ్గర మాత్రం ఆగాలి, ఎందుకంటే అనవసరమైన విడగొట్టుడు ఎక్కువగా జరిగేది ఇక్కడే. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో లిబ్‌వీఎల్‌సీ5 అనే ప్యాకేజీ ఉంది. చివర్లో ఉన్న 5 ఆ లైబ్రరీ ఎస్‌ఓనేమ్‌లోని, అంటే ఇతర ప్రోగ్రామ్‌లు దాన్ని గుర్తుపట్టే పేరులోని, అంకె. ఇతర ప్రోగ్రామ్‌లు ఆ లైబ్రరీని వాడుకుంటాయి. రేపు ఏబీఐ (కంపైల్ అయిన ప్రోగ్రామ్‌లు లైబ్రరీని పిలిచే పద్ధతి) మారి 6 వస్తే పాతదీ కొత్తదీ ఒకే మెషిన్ మీద పక్కపక్కన ఉండగలవు. పేరులో అంకె పెట్టేది ఇందుకే. ఇప్పుడు ఇంకో రకం అప్లికేషన్‌ని ఊహించుకోండి. దాన్ని రాసినవాళ్లు తమ సౌకర్యం కోసం కోడ్‌లో సగం ఒక షేర్డ్ లైబ్రరీలో పెట్టుకున్నారు. హెడర్లు ఇన్‌స్టాల్ చేయరు, ఏబీఐ నిలబెడతామని ఎక్కడా చెప్పలేదు, ప్రతి విడుదలకీ ఫంక్షన్లు మారుస్తారు. ఫైలు పేరు లిబ్ అని మొదలైంది కదా అని దానికో లైబ్రరీ ప్యాకేజీ చేస్తే, అప్‌స్ట్రీమ్ (ప్రోగ్రామ్ రాసినవాళ్లు) ఎన్నడూ ఇవ్వని మాటను వాళ్ల తరఫున మనం ఇచ్చినట్టు అవుతుంది. అలాంటి సొంత లైబ్రరీని అప్లికేషన్ పేరుతో ఉన్న డైరెక్టరీలో, అప్లికేషన్ ప్యాకేజీలోనే ఉంచాలి. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

ఇంత పట్టుదల ఎందుకంటే, ప్యాకేజీ పేరు ఒకసారి బయటికి వెళ్లాక దాన్ని వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. డెబియన్‌లో కొత్త బైనరీ ప్యాకేజీ పేరు కనిపించిన ప్రతి అప్‌లోడ్ న్యూ క్యూ అనే వరసలో ఆగుతుంది. ఆర్కైవ్ చూసుకునే బృందంలోని మనుషులు దాన్ని తెరిచి, లైసెన్సులు చూసి, ఆ పేరు ఆర్కైవ్‌లోకి రావడం సమంజసమేనా అని ఆలోచించి పంపిస్తారు. వాళ్లు వలంటీర్లు. మనం సరదాగా చేసిన నాలుగు ముక్కలకి వాళ్ల సమయం ఖర్చవుతుంది. డెబియన్ 13లో దాదాపు 70 వేల ప్యాకేజీలు ఉన్నాయి. ప్రతి పేరూ, దాని వివరణా, డిపెండెన్సీలూ ప్యాకేజీల సూచికలో ఉంటాయి, ఆ సూచిక డెబియన్ ఉన్న ప్రతి మెషిన్‌కీ దిగుతుంది. ఆ అప్లికేషన్ పేరు ఎన్నడూ వినని మనిషి కూడా దాని ముక్కల జాబితాని మోస్తున్నాడన్నమాట. ఒక్క ప్యాకేజీతో ఇది ఎవరికీ తెలియదు. అందరం తలా నాలుగు కలిపితే తెలుస్తుంది.

ఇంతకంటే పెద్ద ఖర్చు ఫైళ్లను ఒక ప్యాకేజీ నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు వస్తుంది. పాత వెర్షన్‌లో ఒక ఫైలు ప్రధాన ప్యాకేజీలో ఉంది. కొత్త వెర్షన్‌లో దాన్ని డేటా ప్యాకేజీకి మార్చాం. అప్‌గ్రేడ్ చేసేటప్పుడు కొత్త డేటా ప్యాకేజీ ముందు విప్పుకుంటే, ఆ ఫైలు ఇప్పటికే ఇంకో ప్యాకేజీది కదా అని డీపీకేజీ (డెబియన్‌లో ప్యాకేజీలను విప్పి పెట్టే ప్రోగ్రామ్) అక్కడే ఆగిపోతుంది. వాడుతున్న మనిషికి అప్‌గ్రేడ్ మధ్యలో ఎర్రటి మెసేజ్ కనిపిస్తుంది, ప్యాకేజీ వ్యవస్థ సగంలో చిక్కుకుంటుంది. అలా జరగకుండా కొత్త ప్యాకేజీకి బ్రేక్స్ (పాత వెర్షన్ దీనితో కలిసి ఉండకూడదు), రిప్లేసెస్ (దాని ఫైళ్ల స్థానంలో ఇది తనవి పెట్టవచ్చు) అనే రెండు ఫీల్డులూ రాయాలి, రెండింట్లోనూ ఏ వెర్షన్ కంటే ముందువాటికి ఇది వర్తిస్తుందో సరిగ్గా చెప్పాలి. ఒక్కటే రాసి రెండోది మరిచిపోతే ఇంకో రకం తంటా. వెర్షన్ అంకె ఒక మెట్టు తేడాగా రాసినా, ఎవరి మెషిన్ మీదో, మనం పరీక్షించని దారిలో విరుగుతుంది.

దీనికి తోడు కొన్నేళ్లపాటు యూఎస్‌ఆర్ విలీనం అనే చిక్కు కూడా నడిచింది. పైస్థాయిలో ఉండే లిబ్ డైరెక్టరీ యూఎస్‌ఆర్ లోపలి లిబ్‌కి లింక్‌గా మారిపోయింది, కానీ డీపీకేజీ లెక్కలో అవి రెండు వేర్వేరు దారులు. ఒక ఫైలుని ప్యాకేజీ మార్చడం, అదే సమయంలో పై లిబ్ నుంచి యూఎస్‌ఆర్ లిబ్‌కి మార్చడం రెండూ కలిస్తే, రిప్లేసెస్ ఆ ఫైలుని గుర్తుపట్టదు. పాత ప్యాకేజీ తన ఫైలుని తొలగిస్తున్నాననుకుని కొత్త ప్యాకేజీ ఫైలుని చెరిపేస్తుంది. ఎర్రర్ రాదు, ఫైలు మాత్రం ఉండదు. అందుకే డెబియన్ టెక్నికల్ కమిటీ డెబియన్ 12 వెలువడేదాకా అలాంటి మార్పిడులు చేయవద్దని ఆంక్ష పెట్టింది. చాలా డెస్క్‌టాప్ అప్లికేషన్లకు ఇది తగలదు, వాటి ఫైళ్లు మొదటి నుంచీ యూఎస్‌ఆర్‌లోనే ఉంటాయి. కానీ సిస్టమ్‌డీ యూనిట్ ఫైలో (సేవలు నడపడానికి), యూడెవ్ నియమమో (పరికరాలను గుర్తించడానికి) పై లిబ్‌లో ఉన్న అప్లికేషన్‌కి తగిలింది.

ఇక విడగొట్టాక మనసు మార్చుకుని మళ్లీ కలపాలంటే? పాత పేరుతో ఖాళీ ప్యాకేజీ ఒకటి పెట్టి, అది కొత్తదాని మీద ఆధారపడేలా చేయాలి. డెబియన్‌లో ఒక స్థిర విడుదల నుంచి వెంటనే తర్వాతి విడుదలకి మాత్రమే అప్‌గ్రేడ్ అవ్వాలి కాబట్టి ఆ ఖాళీ ప్యాకేజీని ఒక పూర్తి విడుదలలో ఉంచి, ఆ తర్వాతే తీసేయగలం. విడుదలకీ విడుదలకీ మధ్య దాదాపు 2 ఏళ్లు. ఒక సాయంత్రం తీసుకున్న నిర్ణయం అన్నేళ్లపాటు ఆర్కైవ్‌లో కూర్చుంటుంది.

ఇంత చెప్పాక, విడగొట్టవద్దనే పక్షానికి చేరానని అనుకోవద్దు. ఆర్చ్ లినక్స్ సంప్రదాయం సాధారణంగా విడగొట్టకపోవడమే, హెడర్లు కూడా ప్రధాన ప్యాకేజీలోనే ఉంటాయి. వాళ్ల పద్ధతి దాన్ని వాడేవాళ్లకి, అంటే ప్రతిదీ తామే చూసుకునేవాళ్లకి, చక్కగా సరిపోతుంది. అయినా ఆర్చ్ కూడా 2025లో వీఎల్‌సీ ప్లగిన్లను విడివిడి ప్యాకేజీలు చేసింది. కారణం న్యాయమైనదే, వీఎల్‌సీ ప్లగిన్లు లాగే డిపెండెన్సీల జాబితా అంత పొడుగు. అయితే ఆర్చ్‌లో ఐచ్ఛిక డిపెండెన్సీలు వాటంతట అవి ఇన్‌స్టాల్ అవ్వవు, జాబితాగా మాత్రమే కనిపిస్తాయి. మామూలుగా అప్‌డేట్ చేసుకున్న చాలామందికి నిన్నటిదాకా ఆడిన వీడియో ఇవాళ ఆడలేదు. ప్లగిన్లన్నీ తెచ్చే ప్యాకేజీ ఒకటి ఉందని తెలుసుకుని పెట్టుకునేదాకా కష్టం తీరలేదు. వీడియో ప్లేయర్ పేరు అడిగితే వీడియో ఆడించలేనిది చేతికి రావడం నా దృష్టిలో ఆ పేరుకి అన్యాయం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా కాకుండా చూసుకునే బాధ్యత విడగొట్టేవాళ్లదే.

డెబియన్ దీనికి కనుక్కున్న దారి రికమెండ్స్ అనే ఫీల్డు. డిపెండ్స్‌లో రాసింది లేకపోతే ప్యాకేజీ ఇన్‌స్టాలే అవ్వదు. రికమెండ్స్‌లో రాసింది మామూలుగా దానంతట అదే వస్తుంది, కానీ అక్కర్లేనివాళ్లు తీసేసుకోవచ్చు. సజెస్ట్స్‌లో రాసింది సూచన మాత్రమే. 2009లో వచ్చిన లెన్నీ విడుదల నుంచి ఆప్ట్ (డెబియన్‌లో ప్యాకేజీలు దింపి పెట్టే ప్రోగ్రామ్) రికమెండ్స్‌ని తనే ఇన్‌స్టాల్ చేస్తోంది. అంతకుముందు ఆప్ట్-గెట్ వాటిని వదిలేసేది, అందుకే పాతకాలం మెయింటెయినర్లు (ప్యాకేజీలు చూసుకునేవాళ్లు) ఏది ముఖ్యమనిపించినా డిపెండ్స్‌లో పెట్టేసేవాళ్లు. ఫెడోరా, ఓపెన్‌సూసే వాడే ఆర్‌పీఎం ప్రపంచానికి ఇలాంటి బలహీన డిపెండెన్సీలు 2014లో 4.12 వెర్షన్‌తో వచ్చాయి. నన్నడిగితే ప్యాకేజీలను విడగొట్టే కళకి నిజమైన పునాది ఇదే. డిఫాల్ట్‌గా అంతా వస్తుంది, తెలిసి వద్దనుకున్నవాళ్లకి తీసేసే వీలుంటుంది. ఈ ఫీల్డు లేని చోట ప్లగిన్లు విడగొట్టేముందు పదిసార్లు ఆలోచించాలి.

ఒక అభ్యంతరం నిజమైనదే. కంటైనర్ ఇమేజ్‌లు తయారుచేసేవాళ్లు రికమెండ్స్‌ని ఆపేసి ఇన్‌స్టాల్ చేస్తారు, ఆ తర్వాత ఏదో పనిచేయలేదని బగ్ పెడతారు. వాళ్లని తప్పుపట్టను. రికమెండ్స్ లేకుండా కూడా అప్లికేషన్ తెరుచుకోవాలి, ఉన్నంతలో పనిచేయాలి, లేనిదేమిటో మర్యాదగా చెప్పాలి. లేకపోతే కుప్పకూలే భాగాన్ని రికమెండ్స్‌లో పెట్టడం తప్పు, అది డిపెండ్స్‌లో ఉండాలి. ప్లగిన్‌ని వేరుచేశాక, ఆ ప్లగిన్ లేని మెషిన్ మీద అప్లికేషన్ తెరిచి ఆ మెనూ మీద స్వయంగా నొక్కి చూడాలి. చాలామంది ఈ పరీక్ష చేయరు, అందరూ చేయాలని నా విన్నపం.

2024 మేలో కీపాస్‌ఎక్స్‌సీ విషయంలో జరిగిన గొడవ నన్ను చాలా ఆలోచింపజేసింది. అది పాస్‌వర్డులు దాచుకునే ప్రోగ్రామ్. డెబియన్ మెయింటెయినర్ దాన్ని బ్రౌజర్ అనుసంధానం, నెట్‌వర్క్ సదుపాయాల వంటివి లేకుండా బిల్డ్ చేసి పాత పేరుతోనే ఉంచారు, అన్నీ ఉన్నదాన్ని ఫుల్ అనే తోకతో కొత్త ప్యాకేజీ చేశారు. పాస్‌వర్డుల ప్రోగ్రామ్‌లో కోడ్ ఎంత తక్కువుంటే దాడికి అవకాశం అంత తక్కువన్నది వాదన. అప్‌స్ట్రీమ్ వాళ్లు బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. అప్‌డేట్ అయ్యాక బ్రౌజర్ ప్లగిన్ పనిచేయని ప్రతి మనిషీ వచ్చి పడేది వాళ్ల మీదే కదా.

భద్రత వాదనని నేను గౌరవిస్తాను. తక్కువ సదుపాయాలున్న బిల్డ్ కావాలనేవాళ్లు నిజంగా ఉన్నారు, వాళ్లకి అది దొరకాలి. కానీ కొత్త పేరు ఆ తక్కువదానికి రావాలి. ఏళ్ల తరబడి ఒక పేరు వెనక ఉన్నదాన్ని నమ్ముకున్నవాళ్లకి అదే పేరు వెనక అదే ఉండాలి. విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ ప్యాకేజీలు చూడండి. చిన్నదానికి టైనీ అనే తోక ఉంది, విమ్ అని అడిగినవాళ్లకి విమ్ వస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. విమ్‌లోనూ కీపాస్‌ఎక్స్‌సీలోనూ ఉన్నవి ఒకే కోడ్‌ని వేర్వేరు ఆప్షన్లతో కంపైల్ చేసిన రకాలు. నడిచేటప్పుడు చేర్చుకునే ప్లగిన్లు ఉంటే ఒక ముక్క తర్వాత పెట్టుకోవచ్చు, తీసేసుకోవచ్చు. కంపైల్ చేసేటప్పుడే తీసేసిన సదుపాయం కావాలంటే ప్యాకేజీనే మార్చాలి. రకాలు చేసే పద్ధతిలో ప్రతి కొత్త ఆప్షన్‌తో కాంబినేషన్లు పెరుగుతాయి, బిల్డ్ సమయం పెరుగుతుంది, ప్రతి బగ్ రిపోర్టుకీ మీది ఏ రకం అని అడగాల్సి వస్తుంది. కాబట్టి ప్లగిన్లుగా విడదీసే వీలున్న చోట అదే చేయాలి. వీలు లేని చోట రకాలు రెండుకి మించకూడదని నా లెక్క.

నేను చూసుకునే ప్యాకేజీల్లో ఫొటోలు సర్దుకునే అప్లికేషన్ ఒకటి ఉంది. దాని విషయంలో తేల్చుకున్నది చెప్తాను. ప్రధాన ప్యాకేజీలో ఎగ్జిక్యూటబుల్, సొంత లైబ్రరీ, మామూలు ప్లగిన్లన్నీ, ఐకన్లు, అనువాదాలు ఉన్నాయి. ఫొటోలు తీసిన చోటుని మ్యాప్ మీద చూపించే ప్లగిన్ వెబ్‌కిట్ మీద ఆధారపడుతుంది, దాన్ని వేరే ప్యాకేజీ చేసి రికమెండ్స్‌లో పెట్టాను. కమాండ్‌లైన్ నుంచి ఫొటోలను దిగుమతి చేసే పనిముట్టుకి గ్రాఫిక్ లైబ్రరీలతో పని లేదు, సర్వర్లలో వాడేవాళ్లున్నారు, అది మరొకటి. ఆల్బమ్ టెంప్లేట్లు పెద్దవి, ఆర్కిటెక్చర్‌తో పని లేనివి, అవి డేటా ప్యాకేజీలోకి వెళ్లాయి. మొత్తం నాలుగు. ప్యాకేజీని పరిశీలించిన ఒక సీనియర్, యూజర్ మాన్యువల్ కూడా విడిగా ఉండాలన్నారు. మాన్యువల్ కావాలని మనిషి గుర్తించేది ఎఫ్1 నొక్కినప్పుడే, ఆ క్షణానికి అది మెషిన్‌లో ఉండాలని నేను పట్టుబట్టాను. కొంత చర్చ తర్వాత ఆయన ఒప్పుకున్నారు.

ఇక్కడ వెర్షన్ల లెక్క గురించి ఒక మాట, కొత్తవాళ్లు చిక్కుకునేది దీని దగ్గరే కాబట్టి. మ్యాప్ ప్లగిన్ అప్లికేషన్ లోపలి ఫంక్షన్లను పిలుస్తుంది, వాటికి ఏబీఐ భరోసా లేదు. కాబట్టి ప్లగిన్ సరిగ్గా అదే బైనరీ వెర్షన్ అప్లికేషన్ మీద ఆధారపడాలి. డేటా ప్యాకేజీ విషయంలో మాత్రం సోర్స్ వెర్షన్ వాడాలి. ఏదో లైబ్రరీ మారిందని డెబియన్ బృందం సోర్స్ ముట్టుకోకుండా బైనరీలను మళ్లీ బిల్డ్ చేస్తే, ఆర్కిటెక్చర్ ప్యాకేజీల వెర్షన్ చివర బీ1 అని చేరుతుంది. డేటా ప్యాకేజీకి అది చేరదు. అక్కడ బైనరీ వెర్షన్ సరిగ్గా సమానంగా ఉండాలని రాస్తే, లేని డేటా ప్యాకేజీ కోసం అడిగి అప్లికేషన్ ఇన్‌స్టాల్ అవ్వడమే మానేస్తుంది.

డెస్క్‌టాప్ ఫైలు (మెనూలో చూపించేది), యాప్‌స్ట్రీమ్ మెటాడేటా (సాఫ్ట్‌వేర్ సెంటర్ చదివే వివరాలు), అప్లికేషన్ ఐకన్ ఈ మూడూ ఎగ్జిక్యూటబుల్ ఉన్న ప్యాకేజీలోనే ఉండాలి. వీటికి ఆర్కిటెక్చర్‌తో పని లేదు కాబట్టి డేటాలో పడేద్దామని అనిపిస్తుంది. కానీ సాఫ్ట్‌వేర్ సెంటర్‌లో అప్లికేషన్ కనిపించేది ఆ మెటాడేటా ఉన్న ప్యాకేజీ పేరు మీదే. అది డేటా ప్యాకేజీలో ఉంటే, ఇన్‌స్టాల్ బటన్ నొక్కిన మనిషికి డేటా వస్తుంది, ప్రోగ్రామ్ రాకపోవచ్చు. మెనూలో ఐకన్ మాత్రం వెలుగుతూ ఉంటుంది, నొక్కితే ఏమీ జరగదు. ట్రైఎగ్జెక్ అనే లైను రాస్తే ఎగ్జిక్యూటబుల్ లేనప్పుడు మెనూలో కనిపించకుండా చేయవచ్చు, అయినా అది జబ్బుకి మందు కాదు.

అనువాదాల మీద నాకు గట్టి పట్టింపు ఉంది. చాలా అప్లికేషన్లకు అన్ని భాషల అనువాదాలూ కలిపినా కొన్ని మెగాబైట్లే. వాటిని వేరే ప్యాకేజీ చేసి సజెస్ట్స్‌లో పెడితే, తెలుగులో డెస్క్‌టాప్ పెట్టుకున్న మనిషికి అప్లికేషన్ ఇంగ్లీషులో తెరుచుకుంటుంది. అనువాదం ఉందన్న సంగతే ఆ మనిషికి తెలియదు. ఎవరో వలంటీరు కూర్చుని ఒక్కో వాక్యం తెలుగు చేసిన పని ఆర్కైవ్‌లో ఉండి కూడా తెర మీదకి రాదు. లిబ్రేఆఫీస్ లాంటి చోట ఒక్కో భాష సైజు నిజంగానే పెద్దది, అక్కడ విడగొట్టక తప్పదు. అప్పుడు మెషిన్ భాషని చూసి ప్యాకేజీ తనే రావాలి. ఫెడోరాలో ఒక భాష ల్యాంగ్‌ప్యాక్ పెట్టుకుంటే, ఉన్న అప్లికేషన్లకు ఆ భాష ప్యాకేజీలు బలహీన డిపెండెన్సీల ద్వారా వాటంతట అవే చేరతాయి. ఆల్పైన్‌లో ఇన్‌స్టాల్-ఇఫ్ అని ఒకటుంది: ఫలానా రెండు ప్యాకేజీలు కలిసి ఉంటే ఈ మూడోది కూడా పెట్టు అని చెప్పవచ్చు. డాక్యుమెంటేషన్‌కి అక్కడ ఇదే వాడతారు. డాక్స్ అనే ప్యాకేజీ ఒకటి పెట్టుకుంటే మెషిన్‌లో ఉన్న అన్నిటి డాక్యుమెంట్లూ వస్తాయి. ఇంత చక్కని ఏర్పాటు డెబియన్ ఆప్ట్‌లో లేకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

ఇదంతా పాతకాలపు గోల, ఏ డిస్ట్రోలోనైనా నడిచేలా అప్లికేషన్లను కట్టే ఫ్లాట్‌ప్యాక్ వచ్చాక విడగొట్టాల్సిన పనేముంది అనే మాట ఈ మధ్య తరచుగా వింటున్నాను. ఫ్లాట్‌ప్యాక్ లోపలికి వెళ్లి చూస్తే అక్కడా ఇవే గీతలు కనిపిస్తాయి. రన్‌టైమ్ (అప్లికేషన్లు పంచుకునే లైబ్రరీలు) వేరు, అప్లికేషన్ వేరు. నడపడానికి ప్లాట్‌ఫామ్, బిల్డ్ చేయడానికి ఎస్‌డీకే. అప్లికేషన్‌ని బిల్డ్ చేసినప్పుడు అనువాదాలు లొకేల్ ఎక్స్‌టెన్షన్‌గా, డీబగ్ సింబళ్లు డీబగ్ ఎక్స్‌టెన్షన్‌గా వాటంతట అవే వేరవుతాయి, మెషిన్‌లో ఎంచుకున్న భాషల అనువాదాలే దిగుతాయి. ప్యాకేజీ పద్ధతి మారినా అవసరం మారలేదు. వాళ్లు ఒక పని మనకన్నా బాగా చేశారు, ముక్కల పేర్లు వాడేవాళ్ల కంటపడకుండా ఉంచారు. అప్లికేషన్‌కి ఒకటే పేరు, అడిగితే అంతా వస్తుంది.

ప్రోగ్రామ్ రాసేవాళ్లు కొంచెం సాయం చేస్తే ఈ పనంతా చాలా తేలికవుతుంది. మెసాన్ అనే బిల్డ్ పనిముట్టులో 0.60 వెర్షన్ నుంచి ఇన్‌స్టాల్ అయ్యే ప్రతి ఫైలుకీ ట్యాగ్ పెట్టే వీలుంది, ఇది నడపడానికి, ఇది డెవలపర్ల కోసం, ఇది అనువాదం అని. అలాంటిదే అయిన సీమేక్‌లో కాంపొనెంట్ అనే ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది. కోడ్‌లో ఎక్కడ విడిపోతుందో అందరికన్నా బాగా తెలిసింది దాన్ని రాసినవాళ్లకే. ఆ గీతలు వాళ్లే గీసి ఇస్తే డెబియన్, ఫెడోరా, ఓపెన్‌సూసే మూడూ ఒకే చోట విడగొడతాయి. ఒక డిస్ట్రోలో దొరికిన బగ్ రిపోర్టు ఇంకో డిస్ట్రోలో కూడా అర్థమవుతుంది. ఫొటోల అప్లికేషన్ అప్‌స్ట్రీమ్‌కి మెసాన్ ట్యాగుల ప్యాచ్ ఒకటి పంపాను. మ్యాప్ ప్లగిన్ లేనప్పుడు ఆ మెనూని దాచేయకుండా, ఏ సదుపాయం లేదో చెప్పే మెసేజ్ చూపించమని ఇంకో ప్యాచ్ కూడా జతచేశాను. మొదటిదానికి వెంటనే ఒప్పుకున్నారు. రెండోదాని మీద చర్చ నడుస్తోంది, ఎందుకంటే మెసేజ్‌లో ప్యాకేజీ పేరు చెప్పాలని నేనంటున్నాను, ఆ పేరు ఒక్కో డిస్ట్రోలో ఒక్కోలా ఉంటుందని వాళ్లంటున్నారు. వాళ్లు చెప్పేదీ నిజమే. పేరుకి బదులు యాప్‌స్ట్రీమ్‌లో ప్లగిన్‌ని యాడాన్‌గా నమోదుచేసి, మెసేజ్‌లోని బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ సెంటర్‌లో ఆ యాడాన్ పేజీ తెరుచుకునేలా చేయవచ్చు. వచ్చే విడుదలకల్లా అది రాసి పంపే పనిలో ఉన్నాను.